రేసింగ్ కార్ట్‌కి కొత్త రిమ్ములు: మెగ్నీషియం కొనాలా, అల్యూమినియం చాలా?

కొత్త డ్రైవర్:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ అద్దె కార్ట్‌లు తోలి, ఇప్పుడే సెకండ్ హ్యాండ్‌లో ఒక రేసింగ్ ఛాసీ (కార్ట్ చట్రం) కొనుక్కున్నాను. టూ స్ట్రోక్ ఇంజను, వెనక యాక్సిల్ 50 మి.మీ. దానితోపాటు వచ్చిన అల్యూమినియం రిమ్ముల్లో ఒకటి వంగి ఉంది. ఇంకోదానికి బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుకంత గీత కనిపిస్తోంది. ఎలాగూ మార్చాలి కదా, నాలుగూ ఒకేసారి మార్చేద్దామనుకుంటున్నాను. మెగ్నీషియం వేస్తే బరువు తగ్గి ల్యాప్ టైమ్ బాగుపడుతుందని ట్రాక్ దగ్గర ఒకాయన గట్టిగా చెప్పాడు. హబ్ (రిమ్మును బిగించే మధ్య భాగం) మీద బోల్టుకీ బోల్టుకీ మధ్య కొలిస్తే 58 మి.మీ. వచ్చింది. 58 అని రాసి ఉన్న మెగ్నీషియం సెట్ ఒకటి చూసి పెట్టుకున్నాను. ఈ రాత్రికే ఆర్డర్ పెట్టేద్దామని ఉంది. అంతకుముందు మీరేమంటారో విందామని అడుగుతున్నాను.

పాత మెకానిక్:
తమ్ముడూ, ఆర్డర్ ఆపు. ఆ 58 ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచావు? ఒక బోల్టు మధ్య నుంచి పక్క బోల్టు మధ్యకా?

కొత్త డ్రైవర్:
అవునన్నా, వెర్నియర్‌తోనే కొలిచాను. మూడు వైపులా అంతే వచ్చింది.

పాత మెకానిక్:
అయితే నీ హబ్‌కి పట్టేది 67 రిమ్ము. రిమ్ము మీద రాసే అంకె బోల్టుకీ బోల్టుకీ ఉన్న దూరం కాదయ్యా. మూడు బోల్టుల మధ్యల మీదుగా ఒక వృత్తం గీశావనుకో, ఆ వృత్తం వ్యాసం అది. దాన్నే పీసీడీ అంటారు. నాలుగు బోల్టులుంటే ఎదురెదురు వాటి మధ్య నేరుగా కొలిచేయొచ్చు. మూడే కాబట్టి ఆ వీలు లేదు. పక్కపక్క దూరాన్ని 1.155తో గుణించుకోవాలి. నీ 58ని గుణించి చూడు, 67 దగ్గరికి వస్తుంది. నిజంగా 58 పీసీడీ హబ్ అయితే నీ వెర్నియర్ 50 చూపించాలి.

కార్ట్‌లలో తరచుగా తగిలేవి ఈ 58, 67 సైజులే. మన ఖర్మకొద్దీ 67 పీసీడీ హబ్‌లో పక్కపక్క దూరం సరిగ్గా 58 వస్తుంది. ఇందులో పడని వాడు లేడు. నేను నా మొదటి ఏడాదిలోనే పడ్డాను. కొత్త రిమ్ము తెచ్చి హబ్ మీద పెడితే ఒక స్టడ్ (హబ్‌లోంచి పొడుచుకొచ్చే బోల్టు) మీద కూర్చుంది, మిగతా రెండూ బయటే ఉండిపోయాయి. అప్పటికే దాని మీద టైరు కూడా ఎక్కించేశాను!

స్టడ్డు మధ్యను కంటితో పట్టుకోవడం కష్టం. రెండు స్టడ్ల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి ఒక స్టడ్డు మందం తీసెయ్. సాధారణంగా ఎం8 ఉంటాయి, అంటే 8 మి.మీ. తీసేయాలి. నీ హబ్ నిజంగా 67 అయితే బయటి అంచుల మధ్య 66 రావాలి. ఇలా మళ్ళీ ఒకసారి కొలిచి చెప్పు.

ముందు చక్రాల సంగతి కూడా చెప్పలేదు నువ్వు. స్టబ్ యాక్సిల్ మీద, అంటే ముందు చక్రం తిరిగే పొట్టి ఇరుసు మీద, విడిగా హబ్ ఉండి, దానికి రిమ్ము మూడు నట్లతో బిగుస్తుందా? లేక బేరింగులు రిమ్ములోనే కూర్చుంటాయా? బేరింగుల రకమైతే స్టబ్ యాక్సిల్ మందం 17 మి.మీ. అయినా అయి ఉంటుంది, 25 అయినా అయి ఉంటుంది. అది తేలకుండా ముందు రిమ్ములు కొనడం అంటే చెప్పుల సైజు అడగకుండా చెప్పులు కొనడమే.

కొత్త డ్రైవర్:
కొలిచానన్నా. బయటి అంచుల మధ్య 66. నోట మాట రాలేదు. ముందు స్టబ్ యాక్సిల్ 25, విడి హబ్‌లే ఉన్నాయి, వాటి పీసీడీ కూడా 67 లెక్కే వచ్చింది. ఇప్పుడు వెడల్పు ఎంత తీసుకోవాలి?

పాత మెకానిక్:
మంచిదే, ముందూ వెనకా ఒకే పీసీడీ. టైరు మీద ఏం రాసుందో చూడు. ముందు 10×4.50-5, వెనక 11×7.10-5 అని ఉంటే, పెద్దల క్లాసుల స్లిక్‌లు (గాట్లు లేని పొడి ట్రాక్ టైర్లు) అవే. చివరి 5 అంటే రిమ్ము అయిదు అంగుళాలని. వాటికి ముందు 130, వెనక 210 మి.మీ. రిమ్ములు మామూలు. కళ్ళు మూసుకుని వాటితోనే మొదలుపెట్టు. ఇంకా వెడల్పు కొందామని ఆశపడకు. అంతర్జాతీయ మోటారు రేసింగ్ సంఘం ఎఫ్‌ఐఏ కార్టింగ్ నియమాల్లో టైరు వేశాక ముందు చక్రం 135, వెనకది 215 దాటకూడదు, మొత్తం కార్ట్ వెడల్పు 1400 దాటకూడదు. మీ క్లాసు రూల్ బుక్ వేరేగా ఉంటే అదే నీకు వేదం. కొన్ని క్లాసుల్లో మెగ్నీషియమే ఒప్పుకోరు. డబ్బు పెట్టే ముందు ఆ పేజీ ఒక్కటి చదువు.

వెడల్పు మారితే టైరు స్వభావమే మారుతుంది. వెడల్పు రిమ్ము టైరు పక్కగోడల్ని బయటికి లాగి పడుతుంది. గోడ బిగుస్తుంది, నేలను తాకే భాగం చదునవుతుంది. సన్న రిమ్ము మీద గోడ ఉబ్బి, మధ్యలో కాస్త గుండ్రంగా లేస్తుంది. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు. ఛాసీ వంగడం, టైరు గోడ వంగడం, ఈ రెండే దాని స్ప్రింగులు. అందుకే కారుకంటే కార్ట్‌లో రిమ్ము మార్పు చేతికి ఎక్కువగా తెలుస్తుంది.

ఫిజిక్స్ మాస్టారు:
బరువు తగ్గితే ల్యాప్ టైమ్ బాగుపడుతుందని అన్నారు కాబట్టి ఒక చిన్న లెక్క. సాంద్రత అల్యూమినియానికి 2.70, మెగ్నీషియానికి 1.74. ఒకే ఆకారంలో పోస్తే మూడో వంతు బరువు తగ్గుతుంది. అంతవరకూ నిజమే. తిరిగే వస్తువు బరువు తగ్గితే లాభం రెండింతలని అందరూ అంటారు, ఇక్కడ అది చెల్లదు. వెనక టైరు వ్యాసార్థం సుమారు 140 మి.మీ., రిమ్ముది 63. రిమ్ము బరువంతా దాని అంచులోనే ఉందనుకున్నా, 63ని 140తో భాగించి వర్గం చేస్తే 0.2 వస్తుంది. అంటే రిమ్ములో కిలో తగ్గిస్తే, వేగం పుంజుకునేటప్పుడు కార్ట్‌లో మొత్తం 1.2 కిలోలు తగ్గినట్టు ఉంటుంది, అంతే. పైగా డ్రైవర్‌తో కలిపి కనీస బరువు నియమం ఉన్న క్లాసు అయితే, ఆ పోయిన కిలో సీసం దిమ్మగా సీటుకి బిగించాల్సిందే. ఇక మిగిలేది ఆ 0.2 కిలోలు. పొద్దున టిఫిన్‌లో కాస్త తగ్గించుకుంటే సరి.

పాత మెకానిక్:
మాస్టారూ, లెక్క బాగుంది. అయినా మెగ్నీషియం వాడేవాళ్ళు బరువు కోసం వాడరు, టైరు వేడి కోసం వాడతారు. ట్రాక్ బాగా కాలి ఉన్న రోజు, పొడవాటి రేసులో చివరి ల్యాపుల దాకా టైరు నిలకడగా ఉంటుందని పేరు. చలిగా ఉన్నప్పుడు, తడిలో అల్యూమినియం మీద టైరు తొందరగా వేడెక్కుతుందంటారు. నా చేతికీ అలాగే అనిపించింది. మెగ్నీషియం వేడిని చప్పున లాగేస్తుంది కదా.

ఫిజిక్స్ మాస్టారు:
మీ అనుభవాన్ని కాదనను, ఆ కారణం మాత్రం పుస్తకానికి ఎదురు నడుస్తోంది. వేడిని ప్రవహింపజేయడంలో శుద్ధ అల్యూమినియం 237 అయితే మెగ్నీషియం 156. అల్యూమినియమే మెరుగు. ఒకే పరిమాణంలో మెగ్నీషియం దాచుకునే వేడి తక్కువన్నది నిజం. రిమ్ము మందం, ఆకారం, బిగుతు, లోపల పట్టే గాలి, ఇవన్నీ మోడల్‌ని బట్టి మారతాయి. కాబట్టి తేడా కనిపిస్తే ఆ రిమ్ముది అనుకోండి, లోహం ఒక్కదాని మీదే వేయకండి.

పాత మెకానిక్:
సరే, ఒప్పుకుంటున్నా. కారణం ఏదైనా తీర్పు చెప్పేది గేజే. తమ్ముడూ, ఎప్పుడైనా రెండు సెట్లు పోల్చాలనుకుంటే ఇలా చెయ్. ఒకే రకం టైర్లు, ఒకే అరుగుదల. చల్లగా ఉన్నప్పుడు అన్నిటిలోనూ, మాటవరసకి, 0.70 బార్ పెట్టు. అన్నే ల్యాపులు తిప్పి, పిట్‌లోకి రాగానే హెల్మెట్ తీయకముందే ప్రెషర్ చూడు. లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 65కి పోతే 0.70 కాస్తా 0.93 అవుతుంది. ఏ సెట్ మీద ఎక్కువ పెరిగిందో ఆ టైరు ఎక్కువ కాగింది. ఇంకో జాగ్రత్త, కొత్త రిమ్ము ఆఫ్‌సెట్ (హబ్‌కి ఆనే ముఖం నుంచి రిమ్ము ఎంత బయటికి ఉందన్నది) వేరైతే చక్రాల మధ్య వెడల్పు కూడా మారిపోతుంది. బయటి నుంచి బయటికి టేపుతో కొలిచి, హబ్ జరిపి పాత కొలతకి తెచ్చాకే పోల్చాలి. లేకపోతే వెడల్పు వల్ల వచ్చిన తేడాని రిమ్ము ఖాతాలో వేస్తావు.

ఒక రేసర్ అమ్మ:
మధ్యలో అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, చిన్నపిల్లల క్లాసులో తోలుతుంది. మాకూ ఈ 130, 210 కొలతలేనా?

పాత మెకానిక్:
కాదమ్మా, వాళ్ళవి సన్నవి. టైరు ముందు 10×4.00-5, వెనక 11×5.00-5 ఉంటుంది. రిమ్ములు ముందు 110, 115 అలా, వెనక 140 చుట్టుపక్కల. స్టబ్ యాక్సిల్ కూడా మామూలుగా 17 ఉంటుంది. పాపకి మెగ్నీషియం జోలికి అసలు వెళ్ళకండి. ఈ వయసులో కర్బ్‌లు (ట్రాక్ అంచు దిమ్మలు) ఎక్కడం, పక్కవాళ్ళని గుద్దడం మామూలే. ఆ డబ్బుతో ఇంకో జత టైర్లు, ఇంకో రెండు ప్రాక్టీసు రోజులు వస్తాయి.

వాన ప్రేమికుడు:
కొత్త తమ్ముడికి నా సలహా వేరే. నాలుగు మెగ్నీషియం కొనే డబ్బుంటే ఎనిమిది అల్యూమినియం కొను. నాలుగు స్లిక్‌లకి, నాలుగు వాన టైర్లకి. వాన టైరు వెనకది 11×6.00-5, దానికి 180 మి.మీ. రిమ్ము వాడతారు, 210 మీద వేస్తే గోడలు మరీ చాచుకుంటాయి. మబ్బు పట్టినప్పుడు పిట్‌లో కూర్చుని బీడ్ (రిమ్ములో కూర్చునే టైరు అంచు) ఊడగొట్టి టైర్లు మార్చే టెన్షన్ పడ్డవాడికే తెలుస్తుంది. రెడీగా ఉన్న సెట్ అయితే పన్నెండు నట్లు విప్పి బిగించడమే.

పాత మెకానిక్:
ఇది నా మాట కూడా. మొదటి ఏడాదికి మెగ్నీషియం అక్కర్లేదు.

పాత రిమ్ముల సంగతి. గీత ఉన్నదాన్ని ఇవాళే పక్కన పెట్టు. వెల్డింగ్ చేయిస్తానని ఎవరైనా అంటే వినకు. బోల్టు రంధ్రం దగ్గర మొదలైన పగులు ఆగదు, మూలమలుపులో చక్రం ఊడి చేతికొస్తుంది. ఇంకెవరూ వాడకుండా రంపంతో రెండు ముక్కలు చేసెయ్. అల్యూమినియం కాబట్టి ధైర్యంగా కోయమంటున్నాను. మెగ్నీషియాన్ని మాత్రం గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్ళకూడదు. ఆ పొడి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇంకా రెచ్చిపోతుంది. వంగినదాన్ని హబ్‌కి బిగించి, అంచుకి దగ్గరగా స్క్రూడ్రైవర్ ఆనించి పట్టుకుని నెమ్మదిగా తిప్పు. మధ్యలో సందు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తే అదీ పనికిరాదు. సెకండ్ హ్యాండ్ రిమ్ము ఎప్పుడు కొన్నా ఇదే పరీక్ష, టైరు తీయించి లోపలి అంచు కూడా చూడాలి. దెబ్బలు దాక్కునేది అక్కడే.

రెండు ముక్కలు బోల్టులతో కలిపిన రిమ్ములు అద్దె కార్ట్‌లకి ఉంటాయి. అలాంటిది చేతికొస్తే, గాలి పూర్తిగా తీశాకే ఆ బోల్టుల మీద స్పానర్ పెట్టాలి. గాలి ఉండగా విప్పితే ముక్క ముఖం మీదికి ఎగురుతుంది.

కొత్త డ్రైవర్:
అన్నా, రిపోర్టు. మీ మాట విని అల్యూమినియమే తీసుకున్నాను, 67 పీసీడీ, 130, 210. బంగారంలా కూర్చున్నాయి. టైర్లు ఎండలో పెట్టి, సబ్బు నీళ్లు రాసి నేనే ఎక్కించాను. కానీ వెనక కుడి టైరులో రాత్రి 0.80 పెడితే పొద్దునకి 0.55 ఉంది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. రిమ్ము లోపమా?

పాత మెకానిక్:
అప్పుడే రిమ్మును తిట్టకు. 1.5 బార్ దాకా కొట్టి టబ్బులో ముంచి, నీళ్లు కదలకుండా ఆగాక చూడు. ముందు వాల్వు మొదలు, తరవాత అంచు మీద బయటివైపు ఉండే బీడ్ స్క్రూలు. టైరు బీడ్ లోపలికి జారకుండా పట్టుకునేవి అవే, ఒక్కోదాని కింద చిన్న రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. ఇంకో మాట, బీడ్ కూర్చోబెట్టేటప్పుడు ఎంత మొరాయించినా 4 బార్ దాటించొద్దు. గాలి తీసి, సబ్బు రాసి మళ్ళీ కొట్టాలి.

కొత్త డ్రైవర్:
దొరికిందన్నా! రెండో స్క్రూ పక్క నుంచి ఆవగింజంత బుడగ, నాలుగైదు సెకన్లకి ఒకటి చొప్పున వస్తోంది. స్క్రూ తీసి చూస్తే ఓ-రింగ్ ఒక వైపు తెగి ఉంది. నేనే అతిగా బిగించినట్టున్నాను. కొత్తది వేసి, తల ఆనేదాకా తిప్పి ఆపేశాను. నిన్న సాయంత్రం 0.80, ఇవాళ పొద్దున 0.79.

పాత మెకానిక్:
ఆ 0.01 నీ గేజ్ పెట్టి తీసినప్పుడు పోయిన గాలే. మొదటి సెషన్ అయ్యాక చక్రాల నట్లు మళ్ళీ ఒకసారి బిగించి చూసుకో, కొత్త రిమ్ము కూర్చున్నాక కాస్త వదులవుతాయి.