అప్‌డేట్: నాన్న అంబాసిడర్‌కి డాట్ 4 పోయించాను

మా నాన్న 1984 అంబాసిడర్‌కి బ్రేక్ ఆయిల్ డాట్ 4 పోయాలా, సిలికాన్ రకం డాట్ 5 పోయాలా అని పోయిన నెల అడిగాను కదా. డాట్ 4 పోయించాను. కావలిలో మెకానిక్ అన్న పాత ఆయిల్ తీసి చూపిస్తే టీ డికాషన్ రంగులో ఉంది! మాది సముద్రం పక్క ఊరు, డాట్ 4 గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు, ఆయిల్ మరిగితే బ్రేక్ సరిగా పట్టదు. డాట్ 5కి ఆ బాధ లేదు గానీ పాత ఆయిల్‌తో కలవదు, సిస్టమ్ మొత్తం విప్పి కడగాలి. వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేక్‌ని నొక్కే భాగాల) రబ్బర్లు మార్పించి, బ్రేక్ లైన్లలో గాలి తీయించాం. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింట్ లేచిపోతుంది. నిన్న నాన్నని ఎక్కించుకుని నెల్లూరు వెళ్లొచ్చాను. పెడల్ గట్టిగా ఉంది, టెన్షన్ పోయింది.