అప్‌డేట్: బాప్తిస్మం తీసుకోలేని మా అవ్వకు రక్షణ ఉందా అని అడిగాను కదా

మా అవ్వ యేసయ్యను నమ్ముకుంది, కానీ తుంటి ఎముక విరిగి మంచం మీదుంది, నీళ్ళలో ముంచే పరిస్థితి కాదు, బాప్తిస్మం లేకుండా పోతే ఎలా అని అప్పుడు నా టెన్షన్. జవాబులిచ్చిన అందరికీ వందనాలు.

ఒంగోలులో మా పాస్టర్‌గారిని కలిశాను. మాది బాప్టిస్టు సంఘం. ఆయన బైబిల్లో ఎఫెసీ 2:8 తీశారు: రక్షణ కృపచేత, విశ్వాసం ద్వారా, అది దేవుని వరం. మరి యోహాను 3లో యేసయ్య నీకొదేము అనే యూదుల పెద్దతో నీటిమూలంగా, ఆత్మమూలంగా పుట్టాలన్నాడు కదా అని గట్టిగానే అడిగాను. కొన్ని సంఘాలు ఆ నీళ్ళంటే బాప్తిస్మమే అంటాయి, మనం మాత్రం కొత్త జన్మ ఇచ్చేది ఆత్మే, బాప్తిస్మం దానికి సాక్ష్యం అని నమ్ముతాం అన్నారు. యేసయ్య పక్కనే సిలువ మీద ఆయన్ని నమ్మి పరదైసు మాట పొందిన దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారమ్మా అని కూడా అడిగారు.

నన్ను బాగా కదిలించింది మాత్రం మన ప్రాంతం చరిత్రే. 1876-78 కరువులో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారు, కానీ కూటి కోసం చేరుతున్నారేమోనని చాలా నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆ నెలలన్నీ వాళ్ళని నిలబెట్టింది విశ్వాసమే కదా!

అవ్వకు ఇదంతా చెప్తే "నాకు తెలుసులేమ్మా, ఆయన నన్ను వదలడు" అంది. ఆదివారం పాస్టర్‌గారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. లేచి తిరిగితే బాప్తిస్మం ఇస్తామన్నారు, అవ్వకూ అదే కోరిక.