ఆర్మూరు పసుపు నావా షేవాకు: నేరుగా ట్రైలరులోనా, సనత్‌నగర్ నుంచి రైలులోనా?

ప్రశ్న: ఆర్మూరు రైతు

మాది ఆర్మూరు దగ్గరి పసుపు రైతుల సంఘం. ఇన్నాళ్లూ నిజామాబాద్ మార్కెట్ యార్డులోనే అమ్ముకుంటున్న మేము, మొదటిసారిగా 18 టన్నుల పసుపు కొమ్మును 50 కిలోల చొప్పున 360 బస్తాలకెత్తి, ఒక 20 అడుగుల కంటైనరులో జర్మనీలోని మన్‌హైమ్ దగ్గర ఉన్న కొనుగోలుదారుకు పంపబోతున్నాము. ఓడ ముంబై దగ్గరి నావా షేవా రేవు నుంచి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు వెళుతుంది. అయితే నావా షేవా వరకు నేరుగా ట్రైలరులో పంపాలా, హైదరాబాదులోని సనత్‌నగర్ కంటైనర్ డిపోకు చేర్చి అక్కడి నుంచి రైలులో పంపాలా అన్నది తేలడం లేదు. ఓడరేవు మాకు పడమట ఉంటే సనత్‌నగర్ దాదాపు 190 కిలోమీటర్లు దక్షిణాన ఉంది కనుక, అటు వెళ్లడం దండగ అని సంఘంలో కొందరి వాదన. ఒప్పందంలో ఎఫ్‌ఓబీ నావా షేవా (అక్కడ ఓడ ఎక్కించేదాకా సరుకు బాధ్యత మాది) అని రాసుకున్నాము గానీ ఇంకా సంతకాలు కాలేదు. అనుభవమున్నవారు దారి చెప్పగలరు.

జవాబు: పాత కస్టమ్స్ బ్రోకర్

దూరం లెక్క వేసే ముందు ఖాళీ కంటైనరు ఎక్కడ ఇస్తారో ఓడ కంపెనీని అడగండి. అది హైదరాబాదు నుంచో, ఓడరేవు నుంచో ట్రైలరు మీద మీ ఊరికి రావలసిందే, ఖాళీగా వచ్చిన దారి బాడుగ కూడా మీ మీదే పడుతుంది. హైదరాబాదులో ఇచ్చేటట్లయితే ట్రైలరు ఎలాగూ అటే తిరిగి వెళ్లాలి కాబట్టి, దండగ అన్న వాదన నిలవదు. బస్తాలను మామూలు లారీలో సనత్‌నగర్ చేర్చి అక్కడే కంటైనరులోకి ఎక్కించే పద్ధతీ ఉంది. దానివల్ల ట్రైలరు బాడుగ మిగులుతుంది గానీ, హమాలీలు బస్తాను అదనంగా మరోసారి దించి ఎక్కించాలి, అలా చేసినప్పుడల్లా కొమ్ము విరుగుతుంది. విరిగిన కొమ్ముకు ధర కోసే కొనుగోలుదారు అయితే మీ గోదాము దగ్గరే నింపి ఎలక్ట్రానిక్ సీలు వేయించండి.

రైలు వల్ల మీకు కలిగే అసలు మేలు బాడుగలో కన్నా కస్టమ్స్‌లో ఉందని నేను అనుకుంటాను. షిప్పింగ్ బిల్లు (ఎగుమతి ప్రకటన పత్రం) సనత్‌నగర్‌లోనే దాఖలు చేస్తారు, తనిఖీ అవసరమైతే అక్కడే జరుగుతుంది, ఎగుమతి అనుమతి కూడా అక్కడే వస్తుంది కాబట్టి, పత్రాలలో ఏదైనా తప్పు దొర్లితే మీరు పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి వచ్చి సరిదిద్దుకోగలరు. మొదటిసారి పంపేవారికి తప్పు దొర్లకుండా ఉండడం అరుదు. రైలులో ఉన్న ఇబ్బంది ఎదురుచూపే. 45 వ్యాగన్ల రైలులో 20 అడుగుల పెట్టెలు 90 పడతాయి, మీ ఒక్క పెట్టె కోసం అది కదలదు. మీ ఓడకు కంటైనర్లు తీసుకోవడం ఆపి ఓడరేవు గేటు మూసే గడువుకు వారం ముందే కంటైనరును డిపోకు చేర్చండి. గడువు తప్పితే తరువాతి ఓడ దాకా నిల్వ రుసుము పెరుగుతూనే ఉంటుంది. ధ్రువీకరించిన మొత్తం బరువు ప్రకటించని కంటైనరును 2016 జూలై 1 నుంచి ఓడలోకి ఎక్కించడం లేదు, కాబట్టి ఆ కాటా చీటీ కూడా ముందే సిద్ధం చేసుకోండి.

జవాబు: రవాణా బీమా పని చేసేవాడు

పై సలహాతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ సంతకాలు కాలేదన్నారు గనుక ముందు ఒప్పందం మార్చుకోండి. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడలోకి ఎక్కేదాకా నష్టభయం మీదే. సనత్‌నగర్‌లో కంటైనరు మీ చేయి దాటిపోయాక, రైలులోనూ రేవు యార్డులోనూ గడిచే రోజులన్నిటికీ మీరు చూడలేని పెట్టెకు మీరే పూచీ పడతారు. ఎఫ్‌సీఏ సనత్‌నగర్ అని రాసుకుంటే, అక్కడ రవాణాదారుకు అప్పగించడంతోనే ఆ భయం కొనుగోలుదారు మీదికి మారుతుంది.

రెండవది, లారీ, రైలు, ఓడ అన్నిటికీ కలిపి ఒకే సంస్థ బాధ్యత తీసుకునే బహుళ రవాణా పత్రం ఇవ్వమని అడగండి. ఇందుకు మన దేశంలో 1993 నాటి చట్టం ఉంది. సరుకు విలువను పత్రంలో ప్రకటించనప్పుడు, నష్టం ఏ దశలో జరిగిందో తేలకపోతే, ఆ చట్టం ప్రకారం పరిహారం కిలోకు 2 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కగట్టే ప్రమాణం) లేదా ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్‌లు, వీటిలో ఏది ఎక్కువైతే అది గరిష్ఠ పరిమితి. పత్రంలో ‘ఒక కంటైనరు’ అని మాత్రమే రాస్తే, పది బస్తాలు పాడైనప్పుడు 500 కిలోలకు 1,000 ఎస్‌డీఆర్‌లు దాటి అడగలేరు. ‘360 బస్తాలు’ అని రాయిస్తే అవే పది బస్తాలకు పరిమితి 6,666 దాటుతుంది. పైకి కనిపించని నష్టమైతే సరుకు అందిన ఆరు రోజులలోపు లిఖితపూర్వకంగా తెలపాలి, దావా వేయాలంటే తొమ్మిది నెలలే గడువు. ఈ సంగతి మీ కొనుగోలుదారుకు కూడా తెలియజేయండి.

ఆర్మూరు రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కంటైనరును గోదాము దగ్గరే నింపుతాము, ఒప్పందం మార్చమని ఈ రోజే అడుగుతాము. ఇన్ని రోజులు మూసిన పెట్టెలో పసుపుకు బూజు పట్టదా అని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారు.

జవాబు: రోటర్‌డామ్ తెలుగు

అన్నా, పెద్దవాళ్ల భయం నిజమైనదే. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి రావడంతో ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. కాబట్టి మీ ఓడ ఏ దారిన వస్తుందో ముందే కనుక్కోండి. వేడిలో మూసిన పెట్టె చలి సముద్రంలోకి వచ్చేసరికి రేకు చల్లబడి, లోపలి తేమ కప్పుకు నీరుగా పట్టి బస్తాల మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. కొమ్ములో తేమ 12 శాతం మించకుండా ఆరబెట్టండి, గోడలకూ కప్పుకూ మందపాటి కాగితం పరిచి, తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులు వేలాడదీయండి. నింపే ముందు ఒక మనిషి లోపల నిలబడి తలుపులు మూయించుకుని చూడాలి. ఎక్కడైనా వెలుగు చుక్క కనబడితే ఆ పెట్టె వద్దని చెప్పండి. చెక్క ప్యాలెట్లు (బస్తాల కింద పెట్టే చట్రాలు) వాడితే, 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచడం వంటి పురుగు నివారణ చేసినట్లు ముద్ర ఉండాలి, లేకపోతే ఇక్కడ ఆపేస్తారు.

ఇక రోటర్‌డామ్ నుంచి మన్‌హైమ్‌కు రైన్ నది మీద బార్జ్‌లో పంపడం సాధారణంగా చవక. అయితే 2018లోనూ 2022లోనూ ఆ నది మీది కౌబ్ పట్టణం వద్ద నీరు తగ్గి బార్జ్‌లు పూర్తి బరువు మోయలేకపోయాయి, అలాంటప్పుడు అదనపు రుసుము కూడా వేస్తారు. మీ సరుకు ఆగస్టు, అక్టోబరు మధ్య ఇక్కడికి చేరేటట్లయితే, నది దారి మూసుకుపోయిన పక్షంలో రైలులో పంపే ఖర్చు ఎవరిదో ఇప్పుడే ఒప్పందంలో రాయించండి.