అప్‌డేట్: లేజర్ కోత సమస్య తీరింది, రెగ్జిన్ ఆర్డర్ మాత్రం వదిలేశాను

పోయిన వారం అడిగాను కదా, మా 60 వాట్ల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ కోత మెషిన్ 3 మి.మీ. అక్రిలిక్‌ను రెండు పాస్‌లు (ఒకే గీత మీద రెండుసార్లు) తిప్పినా తెంచట్లేదు, అంచులు కరిగిపోతున్నాయి అని. లేజర్ ట్యూబ్ పోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. తేడా ఫోకస్‌లోనే, అంటే కిరణం సన్నటి చుక్కగా చేరే దూరంలోనే ఉంది.

మీరు చెప్పినట్టే ఒక చెక్కముక్కను ఏటవాలుగా పెట్టి, తక్కువ పవర్‌తో పొడుగ్గా ఒక గీత గీయించాను. గీత అన్నిటికంటే సన్నగా వచ్చిన చోట నాజిల్ (కిరణం బయటికొచ్చే మూతి) నుంచి చెక్క దాకా కొలిస్తే 8 మి.మీ. ఉంది, మెషిన్‌తో ఇచ్చిన గేజ్ (ఆ దూరం పెట్టుకునే కొలత ముక్క) చూస్తే 6 మి.మీ.! అందుకే 8 మి.మీ. గేజ్ నేనే కోసుకున్నాను. ఇప్పుడు ఒక్క పాస్‌లో తెగుతోంది, అంచు అద్దంలా వస్తోంది. మందం షీటైతే ఫోకస్‌ను పైభాగం మీద కాకుండా కాస్త లోపలికి దించితే కోత ఇంకా నిటారుగా వస్తోంది.

ఇక పర్సుల కోసం ఒక కస్టమర్ తెచ్చిన రెగ్జిన్ సంగతి. రాగి తీగను ఎర్రగా కాల్చి, ఆ ముక్కకు తాకించి, మళ్ళీ మంటలో పెడితే (ఆరుబయటే చేశాను) మంట ఆకుపచ్చగా మారింది, అంటే అందులో క్లోరిన్ ఉంది, పీవీసీ అన్నమాట. దాన్ని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం, మెషిన్ పట్టాలూ తుప్పు పడతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని దయచేసి ఎవరూ ప్రయత్నించకండి, మెషిన్ పక్కన నిలబడేది మన పిల్లలే. ఆ కస్టమర్‌కు అసలు తోలు తెమ్మని చెప్పాను, ఒప్పుకున్నారు.