సరుకు రైలెక్కాలంటే లారీల మీద రుసుము వేయాలా?

గూడ్సుబండి: దూరప్రయాణపు సరుకును రైలుకు మళ్లించడానికి లారీల మీద అదనపు రుసుము వేయడం న్యాయమేనా? న్యాయమేనంటాను. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లవుతుంది. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పరీక్ష కోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి తిప్పి తేల్చిన లెక్క ఇది. ఆ గుంతలు పూడ్చే ఖర్చులో బండే లేనివాడికీ వాటా పడుతోంది.

నాలుగోగేరు: గుంతల లెక్క సరే, సరుకు పంపేవాడి లెక్క ఎవరు చూస్తారు? బొగ్గు, ఖనిజం రైల్లోనే పోవాలి, అక్కడ పేచీ లేదు. నాది ఒక్క కంటైనరు. లారీ అయితే గోడౌన్ గుమ్మంలో ఎక్కించుకుని గుమ్మంలోనే దింపుతుంది. రైలుకైతే టెర్మినల్ దాకా లారీ, అక్కడ క్రేను, అవతల మళ్లీ క్రేను, మళ్లీ లారీ. మధ్యలో గూడ్సును లూప్‌లైన్‌లోకి నెట్టి ప్యాసింజర్లకు దారిస్తారు. లారీ ఆలస్యమైతే డ్రైవరుకు ఫోన్ కొడతా. లూప్‌లైన్‌లో పడున్న వ్యాగన్ గురించి ఎవరికి కొట్టను?

గూడ్సుబండి: స్విట్జర్లాండ్ చేసి చూపించింది కదండీ. ఆల్ప్స్ దాటే సరుకు రైలెక్కాలని 1994లో జనమే ఓటేశారు. 2001 నుంచి లారీ బరువు, తిరిగిన దూరం, వదిలే పొగను బట్టి రుసుము. 2016లో 57 కిలోమీటర్ల గొట్టార్డ్ బేస్ రైలు సొరంగం తెరిచారు. 2000లో అక్కడ ఆల్ప్స్ దాటిన లారీలు 14 లక్షలు, ఇప్పుడు ఏడాదికి పది లక్షల లోపే.

పట్టాలపక్క: సగం కథే చెప్పారు. చట్టంలో రాసుకున్న లక్ష్యం 6.5 లక్షలు, గడువు 2018. ఇప్పటికీ అందలేదు. వాళ్ల సొరంగం భేషుగ్గా ఉంది, దానికి సరుకు తెచ్చే లైన్లు పొరుగు దేశాలవి. 2017 ఆగస్టులో జర్మనీలోని రాస్టాట్ దగ్గర కింద కొత్త సొరంగం తవ్వుతుంటే పైన పట్టాలు కుంగాయి. రైన్ లోయ ప్రధాన లైను సుమారు ఏడు వారాలు మూత! రోడ్డు తెగితే లారీ పక్క ఊరి మీదుగా తిరిగి పోతుంది, గూడ్సు పోలేదు. రుసుముకు నేను వ్యతిరేకం కాదు గానీ, ఆ డబ్బు ముందు పోవాల్సింది మారుదారి లైన్లకు. ఘనమైన సొరంగాలకైతే రిబ్బను కత్తిరించేవాళ్లు ఎలాగూ దొరుకుతారు.

నాలుగోగేరు: నేనూ అదేగా మొత్తుకుంటున్నది. ముందు గూడ్సుకు నమ్మదగ్గ టైమివ్వండి, రుసుము తర్వాత అడగండి.

గూడ్సుబండి: ఆ టైమివ్వడానికే లైన్లు కావాలి సార్. రుసుము వద్దంటే వాటికి డబ్బెవరిస్తారు, మళ్లీ ఆ బండి లేనివాడేనా?