బ్రేక్ ‘బ్లీడింగ్’ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
బైకు ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోగల చిన్న రిపేర్ల మీద తెలుగులో ఒక కరపత్రం రాస్తున్నాం. డిస్క్ బ్రేకును పక్కన ఎవరూ లేకుండా బ్లీడింగ్ చేసుకోవడం (అంటే బ్రేకు గొట్టంలో చేరిన గాలి బుడగల్ని బయటికి పంపడం) అనే శీర్షిక దగ్గర బండి ఆగింది. ‘రక్తస్రావం’ అని పెడితే జనం ఆసుపత్రికి పరుగెడతారు. ‘బ్లీడింగ్’ అనే ఉంచేస్తే కొత్తవాడికి ఏమీ అర్థం కాదు. దారి చెప్పండి.

జవాబు:
ఆయుర్వేదంలో రక్తమోక్షణం ఉంది కదా, ‘బ్రేకు మోక్షణం’ పెట్టండి. సరదాకే అన్నానండోయ్, అచ్చు వేసేయకండి.

జవాబు:
కొత్త మాట పుట్టించే పనే లేదు. షెడ్డులో అందరూ అనేది ‘గాలి తీయడం’, లేదా ‘ఎయిర్ తీయడం’. ట్రాక్టరులో డీజిల్ అయిపోయి ఇంజన్ ఆగిపోతే ఫిల్టర్ మీది స్క్రూ సడలించి, చేతి పంపు కొడుతూ బుడగలు పోయేదాకా చేసేదీ ఇదే పని, దానికీ ఇదే మాట. నిజానికి ఇంగ్లీషు కన్నా ఇదే నయం. మనకు కావలసింది ఆయిల్ కారడం కాదు, లోపలి గాలి బయటికి రావడం.

జవాబు:
గాలి తీయడమంటే టైరు గాలి అనుకోరూ? నో పార్కింగులో పెడితే పోలీసులు చేసే పని అనుకుంటారేమో.

జవాబు (పైన ట్రాక్టరు సంగతి చెప్పినవారే):
అనుకోరు, క్రియ కాపాడుతుంది. టైరుకి గాలి మనం కొడతాం. బ్రేకుకి గాలి పడుతుంది. తుప్పు పట్టింది, బూజు పట్టింది, దెయ్యం పట్టింది అన్నట్టు, పిలవకుండా వచ్చిందన్నమాట. పిల్లాడికి గాలీ ధూళీ సోకిందని అమ్మమ్మలు అనేది గుర్తు చేసుకోండి. పట్టినదాన్ని తీయాలి, అంతే. ద్రవం నొక్కితే దాదాపు కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. అందుకే లివర్ మెత్తబడి, రెండు మూడుసార్లు పంపు చేస్తేనే బ్రేకు పడుతుంది.

అయితే ఒక తేడా రాయండి. బ్రేకుకి గాలే కాదు, చెమ్మ కూడా పడుతుంది. బ్రేకులో ఉండే ద్రవం గాల్లోని తేమను పీల్చుకునే రకం. డాట్ 4 అనే రకం ద్రవం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు పట్టాక ఆ కనీస హద్దు 155కి దిగిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు బాగా వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు పుట్టి, లివర్ చేతిలోకి వచ్చేస్తుంది. చెమ్మ పట్టినదానికి మందు గాలి తీయడం కాదు, ఆయిల్ మొత్తం మార్చడం. రెండిటికీ ‘బ్లీడింగ్’ ఒక్కటే వాడితే చదివేవాడు రెండు బుడగలు తీసి పని అయిపోయిందనుకుంటాడు.

జవాబు:
‘ఆయిల్’ అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది మాస్టారూ. అది నూనె కాదు. ఆ మాట నమ్మి ఎవరైనా ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకే పాడవుతుంది. అలాగని ‘ద్రవం’ అంటే పదో తరగతి రసాయన శాస్త్రంలా ఉంటుంది. మొదటిసారి ‘బ్రేక్ ఫ్లూయిడ్ (కొట్లో బ్రేక్ ఆయిల్ అంటే ఇస్తారు)’ అని రాసి, బండి మీది ఫ్లూయిడ్ డబ్బా మూత మీద ఏ డాట్ నంబరు ఉందో అదే కొనమనండి. డాట్ 5 సిలికాన్ రకం, మిగతావాటితో కలపకూడదు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు ఊడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. శీర్షిక ‘తోడు లేకుండా బ్రేకు గాలి తీయడం’ అని మార్చాం. చేసే వరుస ఇలా రాశాం, చూడండి: ‘సన్న పైపు ఒక కొస నిపుల్‌కి (చక్రం దగ్గర బ్రేకు మీద గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) తొడిగి, రెండో కొస కాస్త ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి. లివర్ నొక్కి పట్టుకోండి. నిపుల్ వదులు చేయండి. ఫ్లూయిడ్ వచ్చాక వదిలి బిగించండి.’

జవాబు:
చివరి వాక్యం ప్రమాదం! ‘వదులు చేయండి’, వెంటనే ‘వదిలి’. నిపుల్‌నా, లివర్‌నా? అది చదివినవాడు ముందు లివర్ వదిలేసి తర్వాత నిపుల్ బిగిస్తాడు. లివర్ వెనక్కి వస్తూ లోపలికి లాగుతుంది. పైపు కొస ఫ్లూయిడ్‌లో మునిగి ఉంటే కొంత నయం, కానీ నిపుల్ మర చుట్ల సందుల్లోంచి గాలి దూరొచ్చు. నిపుల్‌కి ‘సడలించండి, బిగించండి’, లివర్‌కి ‘నొక్కండి, వదలండి’. ఈ జతలు కలవకూడదు. నేనైతే ఇలా రాస్తాను:

‘లివర్ నొక్కి పట్టుకోండి. నిపుల్ పావు చుట్టు సడలించండి. లివర్ హ్యాండిల్‌కి దగ్గరయ్యాక, దాన్ని పట్టుకునే నిపుల్ బిగించండి. అప్పుడే లివర్ వదలండి.’

బైకు ముందు బ్రేకుకి తోడు అక్కర్లేనిది ఇందుకే. ఒక చేయి లివర్ మీద, రెండో చేయి రింగ్ పానా మీద. పైన డబ్బాలో మట్టం కనీస గీత దిగకుండా పోస్తూ ఉండమని మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. డబ్బా ఖాళీ అయితే పైనుంచే గాలి లాగుతుంది, తీసిందంతా వృథా.

జవాబు:
కారు సంగతి కూడా కలుపుతారా? పెడల్ లోపల, నిపుల్ చక్రం దగ్గర. కాబట్టి ఒక్కడే చేయాలంటే వన్ వే వాల్వ్ ఉన్న పైపు కావాలి. అది వెనక్కి పోనివ్వదు కనుక ప్రతిసారీ బిగించక్కర్లేదు. దీనికి ‘ఏకదిశా కవాటం’ అని మాత్రం రాయకండి బాబూ, కొట్టువాడు తెల్లమొహం వేస్తాడు.

ప్రశ్న అడిగినవారు:
కారు ఈసారికి వద్దండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) యూనిట్ లోపల గాలి చేరితే స్కానర్ పెట్టి తీయాల్సి రావచ్చు కాబట్టి, అలాంటి బళ్లకు ముందు కంపెనీ మాన్యువల్ చూడమని ఒక వాక్యం చేర్చి అచ్చుకి పంపుతున్నాం.