పెద్ద బంగారుతీగకు ఉడికించిన గింజలు చాలవా? బాయిలీలే కావాలా?

గట్టుమీద
మొన్న ఇంకో చర్చలో ఒకరు ఖరాఖండిగా రాశారు, మొక్కజొన్న వేస్తే పిల్ల చేపలే పడతాయట, పది కిలోలు దాటిన బంగారుతీగ కావాలంటే బాయిలీ తప్ప దారి లేదట. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. మూడు సీజన్లుగా నేను ఇంట్లో ఉడికించిన మొక్కజొన్న, గోధుమ తప్ప ఇంకేదీ వేయలేదు. పట్టినవాటిలో పెద్దది 11.5 కిలోలు. పిండిలో గుడ్డు కలిపి ఉండలు చేసి ఉడకబెడితే బాయిలీ. దానికి అంత మహిమ ఎక్కడిది?

సైలెంట్ రీల్
ఆ రాసింది నేనే అన్నా. మహిమ అనలేదు, పోషణ అన్నాను. మొక్కజొన్నలో ప్రోటీన్ నూటికి తొమ్మిది పాళ్ళ దగ్గరే ఉంటుంది, అందులోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. చేపపొడి కలిపిన బాయిలీలో ఇంతకన్నా చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లో గాలం వేసే ఫ్రెడ్ విల్టన్ చెప్పిందీ ఇదే. ఒంటికి పట్టే మేత ఏదో చేప క్రమంగా పసిగడుతుంది, వారాలు గడిచేకొద్దీ దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. గింజ మీద ఆకలిగా ఉన్న రోజు పడుతుంది, సరే. ఒకే చెరువులో ఏడాదంతా పడాలి కదా. నీ 11.5 కిలోలది గింజను చూసి రాలేదు, అది తిరిగే దారిలో నువ్వు గాలం వేశావు, అంతే.

నిదానం
రీల్ గారూ, చివరి మాట బాగుంది. కానీ అదే మాట బాయిలీకీ వర్తిస్తుందిగా! బాయిలీ వేసేవాళ్ళు ఆ తిరిగే దారి వెతకడానికే రోజులు పెడతారు. గింజ వేసేవాళ్ళలో చాలామంది నీడ ఎక్కడుంటే అక్కడ కూర్చుంటారు (నాతో సహా).

ఇక చరిత్ర చూద్దాం. 1952లో రిచర్డ్ వాకర్ ఇంగ్లండ్‌లోని రెడ్‌మైర్ చెరువులో పట్టిన 44 పౌండ్ల కార్ప్ (మన బంగారుతీగే), అంటే దాదాపు 20 కిలోలది, రొట్టెకు పడింది. అదే చెరువులో 1980లో క్రిస్ యేట్స్ 51 పౌండ్లు దాటినదాన్ని పట్టాడు. ఎర? తీపి మొక్కజొన్న గింజలు. ఆ రెండూ తమ తమ కాలంలో బ్రిటిష్ రికార్డులు. గోధుమ పిండికీ మొక్కజొన్నకూ ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

చేప ఒంటి సంగతి కూడా ఉంది. బంగారుతీగకు కడుపు అనేదే లేదు. మింగింది నేరుగా పేగులోకి పోతుంది, అందుకే అది ఒక్కసారి మెక్కి పడుకోదు, రోజంతా కొంచెం కొంచెం తింటూనే ఉంటుంది. గొంతులో పళ్ళుంటాయి, నత్తగుల్లనే పొడి చేస్తుంది. దానికి గింజ ఒక లెక్కా? ఉడికిన పిండిపదార్థాన్ని అరిగించుకోవడంలోనూ ట్రౌట్ లాంటి మాంసాహార చేపలకన్నా బంగారుతీగ చాలా మెరుగు. ప్రోటీన్ అంటారా, అడుగు బురదలో పురుగులు ఉండనే ఉన్నాయి.

సైలెంట్ రీల్
రెడ్‌మైర్ బుల్లి చెరువు. అక్కడ గాలం వేసినవాళ్ళూ తక్కువే. రోజుకు ఇరవై రాడ్లు పడే నీళ్ళలో అదే లెక్క నడవదు. 1970లో నెదర్లాండ్స్ పరిశోధకుడు బ్యూకెమా చేసిన ప్రయోగాలున్నాయి. ఒక్కసారి గాలానికి చిక్కిన కార్ప్ మళ్ళీ చిక్కడం బాగా తగ్గిపోయింది. పెద్ద చేప అంటేనే అనుభవం ఉన్న చేప. పసుపు గింజను అది ఎన్నిసార్లు చూసి ఉంటుందో!

గట్టుమీద
మరి బాయిలీని చూడలేదా? ఆ ప్రయోగం చెప్పింది గాలం గురించి. బాయిలీ గొప్పదని అందులో ఎక్కడుంది?

బెండుకన్ను
వాదన మీరు కానివ్వండి, నేను పొయ్యి దగ్గర సంగతి చెబుతాను, ఎందుకంటే ఇందులో తప్పు చేసి చేపను ఇబ్బంది పెట్టినవాణ్ణి. మొదటి ఏడాది ఎండు మొక్కజొన్నను రెండు గంటలు నానబెట్టి, ఒక పొంగు రానిచ్చి దింపేశాను. మర్నాడు పట్టిన చేప పేగులోంచి గింజ గింజగానే బయటికొచ్చింది. సరిగా నానని గింజ లోపలికెళ్ళాక ఉబ్బుతుంది, అరగదు.

ఎండు మొక్కజొన్న 24 గంటలు నానాలి, ఆ తర్వాత కనీసం అరగంట ఉడకాలి. గోరుతో నొక్కితే లోపల పలుకు తగలకూడదు. అదొక్కటే నా పరీక్ష, గడియారం చూడను. శనగలు, సోయా లాంటి పప్పుజాతి గింజలైతే ఇంకా జాగ్రత్త. పచ్చి సోయాలో ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థాలుంటాయి, వేడికే అవి పోతాయి. బూజు పట్టిన వేరుశనగ మాత్రం ఉడికించినా వేయొద్దు, ఆ విషం వేడికి పోదు.

ఉడికిన నీళ్ళు పారబోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ జిగురు నీళ్ళలోనే అసలు రుచి అంతా ఉంది. నేను గింజల్ని ఆ నీళ్ళలోనే రెండు మూడు రోజులు ఉంచుతాను, కాస్త పులుస్తాయి. పులుపు వాసన వేరు, కుళ్ళు వాసన వేరు. తేడా ముక్కుకే తెలుస్తుంది.

నిదానం
పులియబెట్టడం విషయంలో నేను బెండుకన్ను పక్షమే. బంగారుతీగ రుచి మొగ్గలు నోట్లోనే కాదు, మీసాల మీదా ఒంటి మీదా ఉంటాయి. నీళ్ళలో కరిగేదే దానికి చేరుతుంది. ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు కరుగుతాయి. నూనె కరగదు, చన్నీళ్ళలో అయితే ఇంకా చిక్కబడుతుంది. వెనిలా ఎసెన్సు సీసాలు గుమ్మరించేవాళ్ళు అది తమ ముక్కుకు నచ్చి పోస్తున్నారేమో ఆలోచించుకోవాలి.

పిల్ల చేపల గొడవకు కారణం గింజ కాదు, మెత్తని పిండి ముద్ద. దాన్ని చిన్నవి పొడిచి పొడిచి కరిగించేస్తాయి. గట్టి గింజ వాటి నోటికి పట్టదు. అయితే గట్టి గింజను ముల్లుకు గుచ్చితే మొన కప్పేసి సరిగా దిగదు. 1980 పరిసరాల్లో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ హెయిర్ రిగ్ తెచ్చాక ఆ తలనొప్పి పోయింది, ఎర సన్నని దారం మీద పక్కన వేలాడుతుంది, ముల్లు ఖాళీగా ఉంటుంది. బాయిలీ గెలిచిందంటే సగం గెలుపు ఈ దారానిదే. అదే దారానికి రెండు మొక్కజొన్న గింజలు ఎక్కించి చూడండి రీల్ గారూ.

సైలెంట్ రీల్
దారం మాట ఒప్పుకుంటాను. కానీ గింజ చవకని బకెట్లకు బకెట్లు గుమ్మరిస్తున్నారే, దాని సంగతేమిటి? తినని గింజ అడుగున కుళ్ళి ఆక్సిజన్ తినేస్తుంది, ఎండాకాలం చిన్న చెరువులో అది మామూలు విషయం కాదు. కొన్ని చెరువుల్లో గింజల్ని నిషేధించింది ఊరికేనా?

బెండుకన్ను
ఇక్కడ మాత్రం నూటికి నూరు పాళ్ళూ నీ మాటే. నీళ్ళు పది డిగ్రీలకు దిగితే నేను గుప్పెడు కూడా చల్లను, ముల్లు దగ్గరున్న రెండు గింజలే. ఎండాకాలమైనా ముందు రెండు గుప్పెళ్ళు, చేప తగిలాక ఇంకో గుప్పెడు.

గట్టుమీద
సరే, వచ్చే ఆదివారం రెండు రాడ్లు, ఒకే చోటు, ఒకే హెయిర్ రిగ్. ఒకదానికి మొక్కజొన్న, ఒకదానికి రీల్ చెప్పిన బాయిలీ. గంటకోసారి ఎరలు అటుదిటు మారుస్తాను.

సైలెంట్ రీల్
చుట్టూ చల్లే మేత ఏం వేస్తావు? గింజలు చల్లితే ఆ పరీక్ష నాకొద్దు.

గట్టుమీద
రెండూ సగం సగం. బాయిలీలు నువ్వే చేసి పంపు, మళ్ళీ ఉండ సరిగా కుదరలేదని అనకుండా.